పెద్ద పామును మొదటిసారి ఇంటికి తెచ్చుకునేవారికి

"రెండేళ్లుగా కార్న్ స్నేక్ అనే విషం లేని చిన్న పామును పెంచుతున్నాను, ఇప్పుడు బర్మీస్ పైథాన్ (కొండచిలువ) పిల్లనో, దానిలాగే ఎరను చుట్టి చంపే బోవా పిల్లనో తెచ్చుకోవాలని ఉంది, పెంపకంలో ఏమేం మారతాయి" అని మీరు అడిగారు. కార్న్ స్నేక్ మీ వేలిని ఎర అనుకుని పట్టుకుంటే నాలుగు సన్నటి గాట్లు పడతాయి, చేయి కడుక్కుంటే సరిపోతుంది. నాలుగు మీటర్ల కొండచిలువ అలాగే పొరబడితే మీరొక్కరే విడిపించుకోలేరు. పెట్టె గురించి, తాళం గురించి, తిండి గురించి, రెండో మనిషి గురించి కింద రాసేదంతా చాలావరకు ఆ పొరపాటు జరగకుండా చూసుకోవడానికే. పాముకు మీ మీద కోపం వచ్చి ప్రమాదం జరగడం అరుదు. తలుపు తెరుచుకోగానే వెచ్చగా ఏదో కదిలింది, తిండి వచ్చిందనుకుంది. ఎక్కువగా జరిగేది అంతే.

ముందు ఎంత పెరుగుతుందో లెక్క వేసుకోండి. బర్మీస్ పైథాన్ గుడ్డులోంచి బయటికొచ్చేటప్పుడు అర మీటరు, కాస్త అటూ ఇటూ. బాగా తింటే ఏడాది తిరిగేసరికి రెండు మీటర్ల దాకా వచ్చేస్తుంది. మగది రెండున్నర, మూడున్నర మీటర్ల మధ్య నెమ్మదిస్తుంది. ఆడది మూడున్నర నుంచి ఐదు మీటర్లు, బరువు 40 కిలోలు దాటడం మామూలే. రెటిక్యులేటెడ్ పైథాన్ ఆడది అంతకన్నా పొడవు, పైగా చురుకు. బోవాల్లో ఎక్కువగా పెంచేది బోవా ఇంపరేటర్. దాని మగది రెండు మీటర్ల లోపు ఆగిపోతుంది, ఆడది రెండు, రెండున్నర వస్తుంది. కార్పెట్ పైథాన్ కూడా రెండు మీటర్ల చుట్టుపక్కలే, కానీ సన్నగా ఉంటుంది. ఏదైనా సరే 20 నుంచి 30 ఏళ్లు బతుకుతుంది.

అడిగారు కాబట్టి నా మాట: మగ బోవా ఇంపరేటర్‌తో మొదలుపెట్టండి. బర్మీస్ మెతక స్వభావం ఉన్న పామే, అది కాదనను. కానీ దాని పెంపకం పాము మంచితనం మీద ఆధారపడదు. ఇంకో పెద్ద మనిషి ఎప్పుడూ అందుబాటులో ఉంటారా, ఒక గదిలో సగం దానికి ఇవ్వగలరా అన్నదాని మీద ఆధారపడుతుంది. ఈ రెండింట్లో ఏ ఒక్కదానికి జవాబు "చూద్దాంలే" అయినా బర్మీస్ వద్దు.

"చిన్న పెట్టెలో పెడితే పాము చిన్నగానే ఉండిపోతుంది" అనేవారి మాట నమ్మకండి. పెరగడం ఆగదు. కదలిక ఆగిపోతుంది, కండ పోయి కొవ్వు చేరుతుంది, మలబద్ధకం వస్తుంది. "ఇది డ్వార్ఫ్ రకం, పెరగదు" అని అమ్మితే తల్లి, తండ్రి ఇప్పుడు ఎంత పొడవున్నాయో చూపించమని అడగండి. చూపించలేకపోతే అది మామూలు పామే అనుకుని లెక్క వేసుకోండి.

ఇక చట్టం. చాలాచోట్ల స్థానిక జాతి పాములను ఇంట్లో ఉంచుకోవడం నేరం. విదేశీ జాతులకు అనుమతి, నమోదు, కొనుగోలు కాగితాలు అడుగుతారు. పైథాన్‌లు, బోవాలు అన్నీ అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపార ఒప్పందం సైటిస్ జాబితాల్లో ఉన్నవే. మీరున్న చోట నిబంధన ఏమిటో రాతపూర్వకంగా తెలుసుకున్నాకే బయానా ఇవ్వండి. అద్దె ఇల్లయితే యజమాని ఒప్పుకోలు కూడా కాగితం మీదే ఉండాలి. పాములను చూసే పశువైద్యులు అన్ని ఊళ్లలో ఉండరు కాబట్టి డాక్టరు ఎవరన్నది కూడా పాము రాకముందే తేల్చుకోవాలి.

పిల్లను ఎంచుకునేటప్పుడు రంగు కన్నా ముందు ఇవి చూడండి. అడవిలో పట్టింది కాకుండా పెంపకంలో పుట్టింది కావాలి. ఫ్రీజర్‌లో పెట్టి కరిగించిన ఎలుకలను కనీసం ఐదుసార్లు తిన్నట్టు తేదీలతో రాసి ఇవ్వాలి. చేతిలోకి తీసుకుంటే మెత్తగా జారిపోకుండా చేతిని పట్టుకోవాలి. ముక్కు రంధ్రాల దగ్గర తడి గానీ బుడగలు గానీ ఉండకూడదు. నోరు మూస్తే రెండు పెదవులూ సరిగ్గా కలవాలి. గుదం చుట్టూ ఎండిన మలం ఉండకూడదు. తెల్ల టిష్యూ కాగితం కాస్త తడిపి ఒంటి పొడవునా ఒకసారి తుడవండి. నల్లటి చుక్కలు అంటుకుని, అందులో ఒకటి కదిలిందంటే అవి మైట్లు, అంటే పాము రక్తం పీల్చే చిన్న పురుగులు, ఆ పామును అక్కడే వదిలేయండి.

పెట్టె విషయంలో ఒక కొలత గుర్తుంచుకోండి: పాము పూర్తిగా సాగి పడుకోగలిగేంత పొడవుండాలి. పెద్ద బర్మీస్‌కు అంత చోటివ్వడం అందరికీ కుదరదు కాబట్టి 240 సెంటీమీటర్ల పొడవు, 120 వెడల్పును అట్టడుగు హద్దుగా పెట్టుకుంటారు. ఎత్తు 60 నుంచి 90 సరిపోతుంది. బోవాకు 180, 90, 60 అయితే హాయిగా ఉంటుంది. మొదటి రోజే పిల్లను అందులో వేయక్కర్లేదు. 90 సెంటీమీటర్ల పెట్టెలో దాక్కునే చోట్లు ఎక్కువగా ఉంటే అది బెదరకుండా తింటుంది. అయితే పెద్ద పెట్టె ఎక్కడ పెడతారో, డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో మాత్రం ఆ రోజే తేలిపోవాలి. రెండేళ్లలో అవసరం పడుతుంది.

బరువు సంగతి చాలామందికి తట్టదు. 240 బై 120 నేల మీద 8 సెంటీమీటర్ల మందాన పొట్టు పరిస్తే 230 లీటర్లు. నీళ్ల తొట్టి 40 లీటర్లు పట్టేదైతే నీళ్లే 40 కిలోలు. దానికి పెట్టె, పాము కలపండి. ఒకసారి పెట్టాక జరపడం కుదరదు కాబట్టి కిటికీ ఎండ పడని, ప్లగ్ పాయింట్ దగ్గరున్న గోడ చూసుకుని మరీ పెట్టాలి. తొట్టికి అడుగున గొట్టం, బిరడా పెట్టించుకుంటే నీళ్లు మార్చడానికి బకెట్‌తో తోడే బాధ తప్పుతుంది. ఈ పాములు ఎక్కువగా నీళ్లలోనే మలవిసర్జన చేస్తాయి, అప్పుడు ఈ గొట్టం విలువ తెలుస్తుంది. తొట్టిని సగానికే నింపండి. పాము దిగితే మిగతా సగం అదే నిండుతుంది, లేదంటే నీళ్లన్నీ పొట్టులోకి పోయి కింద తడి నిలుస్తుంది.

పీవీసీ పలకల పెట్టె అన్నిటికన్నా నయం, వేడిని నిలుపుతుంది, తేమకు ఉబ్బదు. చెక్క అయితే లోపలి కీళ్లన్నీ సిలికాన్‌తో మూసి, నీరు పీల్చని పూత వేసి, వాసన పూర్తిగా పోయేదాకా రెండు మూడు వారాలు ఆరబెట్టాలి. పైనంతా జాలీ ఉన్న గాజు తొట్టెలు వద్దు, వేడి, తేమ రెండూ పైకి పోతాయి. తలుపు ముందు వైపే ఉండాలి. పై నుంచి చేయి దిగితే పాముకు అది గద్ద రాకలాంటిదే. జరిపే గాజు తలుపులు పెట్టేటప్పుడు, కింది గాడిలోంచి గాజును పైకి లేపి చూడండి. మీ చేతికి లేచిందంటే పాము తలకూ లేస్తుంది. రాత్రంతా ముక్కుతో తోస్తూ ఉండడం దానికి విసుగనిపించదు. పెట్టెకు తాళం, గదికి ఇంకో తాళం. పిల్లలు, కుక్క, పిల్లి ఉన్న ఇంట్లో రెండో తాళం తప్పనిసరి.

దాక్కునే చోట్లు రెండు ఉండాలి, ఒకటి వెచ్చటి వైపు, ఒకటి చల్లటి వైపు. ఒకటే పెడితే పాము దాక్కోవాలా, వేడి సర్దుకోవాలా అన్న సందిగ్ధంలో పడి దాక్కోవడాన్నే ఎంచుకుంటుంది. ఫలితం, అరగదు. చుట్ట చుట్టుకుంటే ఒళ్లు నాలుగు వైపులా తగిలేంత ఇరుకుగా ఉంటేనే అది దాని లెక్కలో దాపు. పెద్దదానికి బోర్లించిన ప్లాస్టిక్ టబ్బుకు ద్వారం కోసి, అంచులను ఉప్పుకాగితంతో నున్నగా రుద్దితే చాలు.

వేడి లెక్కలు బర్మీస్‌కు, బోవాకు దాదాపు ఒకటే. వెచ్చటి చోట నేల 32 నుంచి 34 డిగ్రీల సెల్సియస్, ఆ వైపు గాలి 30 చుట్టుపక్కల, చల్లటి వైపు 25 నుంచి 27, రాత్రి ఎక్కడా 24 కిందికి పోకూడదు. పైకప్పుకు బిగించే రేడియంట్ హీట్ ప్యానెల్ పెద్ద పెట్టెలకు బాగా నప్పుతుంది. సిరామిక్ హీటరు పెడితే చుట్టూ ఇనుప జాలీ బిగించాలి. పాములు కాలుతున్న చోటు నుంచి చప్పున తప్పుకోవు, వీపు పొలుసులు ఊడేదాకా అలాగే చుట్టుకుని ఉంటాయి. హీట్ రాక్ పేరుతో అమ్మే వేడి రాళ్లను అసలు ముట్టుకోకండి.

ఏ హీటరుకైనా, వేడి హద్దు దాటగానే దాన్ని ఆపేసే థర్మోస్టాట్ ఉండాల్సిందే. థర్మోస్టాట్ పెట్టినా కాలిన పాములు ఉన్నాయి, దానికి కారణం ఎక్కువగా ప్రోబ్, అంటే వేడిని కొలిచే తీగ కొన. దాన్ని వదులుగా వదిలేస్తే పాము ఈడ్చుకెళ్లి చల్లటి మూలకో నీళ్ల తొట్టిలోకో పడేస్తుంది. ప్రోబ్‌కు చలి తగిలినంతసేపూ థర్మోస్టాట్ హీటరును పూర్తి జోరు మీద నడుపుతూనే ఉంటుంది. అందుకని ప్రోబ్‌ను క్లిప్పుతో గోడకు బిగించండి. టేపు వాడొద్దు, ఊడిన టేపు పొలుసులకు అంటుకుని చర్మం లాగేస్తుంది. రెండో కారణం, థర్మోస్టాట్ లోపలి స్విచ్ ఆన్‌లోనే ఇరుక్కుపోవడం. మొదటిదానికన్నా మూడు డిగ్రీలు ఎక్కువకు పెట్టిన ఇంకో థర్మోస్టాట్‌ను అదే తీగ మీద వరసగా కలిపితే ఇది తీరిపోతుంది. నేల వేడిని ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో, గాలి వేడిని, తేమను రెండు వైపులా డిజిటల్ మీటర్లతో చూడాలి. గోడకు అంటించే ముల్లు మీటర్లు అలంకారానికే.

తేమ 60 నుంచి 70 శాతం మధ్య ఉండనివ్వండి. ఇక్కడ జరిగే తప్పు, రోజూ స్ప్రే కొట్టి పొట్టు పైభాగం తడపడం. గాలిలో తేమ గంటలో పోతుంది, పొట్ట కింద తడి మాత్రం రోజంతా ఉంటుంది, పొట్ట పొలుసులు గోధుమరంగుకు తిరిగి కుళ్లుతాయి. కొబ్బరి పీచు ముక్కలు మందంగా పరిచి, మూలల్లో నీళ్లు పోసి అడుగు పొరను తడపండి, పైపొర పొడిగా ఉండాలి. దేవదారు పొట్టు, పైన్ పొట్టు వద్దు, వాటి నూనెల ఘాటు ఊపిరితిత్తులకు పడదు. తేమ ఎక్కువై వేడి తగ్గడం అన్నిటికన్నా చెడ్డది. ఊపిరితిత్తుల జబ్బు ఎక్కువగా అక్కడి నుంచే మొదలవుతుంది.

ఇప్పుడు తిండి. పెద్ద పాములను పెంచేవారు వాటిని ఆకలితో చంపరు, ఎక్కువ పెట్టి చంపుతారు. అడిగినప్పుడల్లా తినడం దాని స్వభావం. అడవిలో మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో తెలియని ప్రాణి అది. ఎర తిన్నాక బర్మీస్ పైథాన్ లోపల జరిగేది మామూలు పని కాదు, రెండు మూడు రోజుల్లో పేగు బరువు దాదాపు రెట్టింపవుతుంది, కాలేయం, మూత్రపిండాలు పెరుగుతాయి, అరిగిపోయాక అన్నీ మళ్లీ తగ్గుతాయి. వారం వారం పెద్ద ఎర పెడితే ఈ తగ్గే సమయమే ఉండదు.

బర్మీస్‌కు మొదటి ఏడాది 7 నుంచి 10 రోజులకోసారి, దాని బరువులో పదో వంతు ఎర. రెండు, మూడు ఏళ్లలో రెండు వారాలకోసారి, ఇరవయ్యో వంతుకు కాస్త పైన. ఎదిగిన పాముకు నాలుగు నుంచి ఆరు వారాలకోసారి. 40 కిలోల పాముకు రెండు కిలోల కుందేలు ఎక్కువే గానీ తక్కువ కాదు. బోవా పిల్లకు 10 నుంచి 14 రోజుల ఎడం ఇవ్వండి, పెద్దదానికి మూడు నాలుగు వారాలు. ఎర లావు పాము ఒళ్లు బాగా లావుగా ఉన్న చోటుకన్నా మించకూడదు. ఒళ్లు ఎలా ఉందో కళ్లతో కాదు, చేత్తో చూడాలి. నడుం మీద అరచేయి పెడితే వెన్నుపూస తగలాలి, కానీ కొయ్యలా పైకి పొడుచుకుని రాకూడదు. వెన్ను గాడిలా లోపలికి పోయినా, ఒళ్లు మలిచినప్పుడు పొలుసుల మధ్య చర్మం మడతలు పడి తెరుచుకున్నా, తోక మొదలు ఉబ్బినట్టున్నా కొవ్వు పట్టిందని అర్థం. నెలకోసారి టబ్బులో పెట్టి తూకం వేసి, తిన్న తేదీ, మలం, కుబుసం తేదీ ఒక నోటు పుస్తకంలో రాయండి. డాక్టరు మొదట అడిగేది అదే.

బతికున్న ఎర వద్దు. ఎలుక కరిస్తే పాము కన్ను పోతుంది, వీపు ఎముక దాకా కొరికేస్తుంది. కొన్ని దేశాల్లో అది చట్టవిరుద్ధం కూడా. గడ్డకట్టిన ఎర కరిగించే పద్ధతి: రెండు కిలోల కుందేలును ఒకటిన్నర రోజు ఫ్రిజ్ కింది అరలో ఉంచండి. తర్వాత నీరు చొరని కవరులో పెట్టి 45 డిగ్రీల నీళ్లలో అరగంట ముంచితే ఒళ్లు 38, 40 డిగ్రీలకు వస్తుంది. మైక్రోవేవ్ వద్దు, బయట ఉడికి లోపల గడ్డగానే ఉంటుంది, పొట్ట పగులుతుంది కూడా. పెట్టేముందు కుందేలు పొట్టను గట్టిగా నొక్కి చూడండి. లోపల చల్లగా గట్టిగా ఏదైనా తగిలితే ఇంకా కరగలేదు. అలాగే మింగితే అరగకుండా కుళ్లి కక్కేస్తుంది. ఈ ఎరకు విడిగా ఒక చిన్న ఫ్రీజర్ కొనుక్కోవాలి, మనుషుల తిండి పక్కన వద్దు. ఎలుకల్లో, పాము మలంలో మనుషులకు జబ్బు తెచ్చే సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉంటుంది. ఐదేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, రోగనిరోధక శక్తి తగ్గినవారు పామునూ దాని సామానునూ ముట్టుకోకపోవడమే మంచిది.

కక్కేస్తే గాబరాపడి వెంటనే ఇంకోటి పెట్టకండి. వేడి చూసుకోండి, రెండు వారాలు ఆగండి, ఈసారి సగం సైజు ఎర పెట్టండి. రెండోసారీ కక్కితే డాక్టరు దగ్గరికి. కరెంటు పోయి పెట్టె చల్లబడే పరిస్థితి కనిపిస్తుంటే ఆ వారం ఎర మానేయండి. ఖాళీ పొట్టతో చలిని కొంత ఓర్చుకుంటుంది గానీ నిండు పొట్టతో ఓర్చుకోలేదు.

తలుపు దగ్గరికి వద్దాం. పైథాన్ పెదవుల మీద చిన్న చిన్న గుంటలుంటాయి, వాటితో వేడిని పసిగడుతుంది. బోవా పెదవులకు గుంటలు లేకపోయినా ఆ పొలుసులు వేడిని గ్రహిస్తాయి. చీకట్లో దానికి కనిపించే మీరు ఒక వెచ్చటి మచ్చ. ఆ మచ్చ పక్కన ఎర వాసన ఉంటే అది ఎరే. అందుకే కుందేలును కరిగించిన చేత్తో, అదే చొక్కాతో పెట్టె దగ్గరికి వెళ్లకూడదు.

పాము ముఖం చదవడం నేర్చుకోండి. తలుపు వైపుకు తల పెట్టి, మెడను ఇంగ్లీషు ఎస్ అక్షరంలా వెనక్కి ముడిచి, కదలకుండా, నాలుకను మాత్రం నెమ్మదిగా బయటికి తీసి గాలిలో నిలిపి లోపలికి తీసుకుంటోందంటే తిండి ధ్యాసలో ఉంది. చుట్టలో తల దాచి బుస కొడుతుంటే భయపడుతోంది. ఈ రెండో పాము కన్నా చప్పుడు చేయని మొదటి పామే ప్రమాదం. కొత్తవారు బుసకు భయపడి, మౌనానికి చేయి చాపుతారు.

దీనికి మందు హుక్ అలవాటు, హుక్ అంటే కొన వంచిన కడ్డీ. మొదటి రోజు నుంచి, ఎర పెట్టని ప్రతిసారీ, తలుపు తెరవగానే చేతికన్నా ముందు పొడవాటి హుక్ లోపలికి పోవాలి. దాంతో నడుం మీద మెల్లగా రెండుసార్లు రుద్దాలి. కొన్ని నెలల్లో "హుక్ తగిలింది, అంటే తిండి లేదు" అని పాముకు అలవాటవుతుంది, మెడ ముడి సడలి నాలుక చకచకా ఆడుతుంది. తల హుక్ వైపు దూకినట్టు వస్తే తలుపు మూసేసి పది నిమిషాల తర్వాత మళ్లీ చూడండి. అప్పుడూ అంతే అయితే ఆ రోజుకు వదిలేయండి. ఎర పెట్టే రోజు హుక్ వాడకూడదు, ఆ తేడా చెడితే అలవాటంతా చెడినట్టే.

"పెట్టెలోనే ఎర పెడితే చేయి పెట్టినప్పుడల్లా కరుస్తుంది, వేరే డబ్బాలోకి మార్చి పెట్టాలి" అని విని ఉంటారు. పిల్ల విషయంలో దాంతో వచ్చే నష్టం పెద్దగా లేదు. పెద్ద పాము విషయంలో అది మూర్ఖత్వం. ఎర వాసన పట్టి, తిండి ధ్యాసలో ఉన్న మూడు మీటర్ల పామును ఎత్తి తిరిగి పెట్టెలో పెట్టడమే అన్నిటికన్నా ప్రమాదకరమైన పని.

ఎర పెట్టే తీరు ఇలా ఉండాలి. రెండో పెద్ద మనిషి అదే గదిలో ఉండాలి, పక్క గదిలో ఫోన్ చూస్తూ కాదు. ఎరను వేరే గదిలో కరిగించి, తుడిచి తేవాలి. పటకారు పిల్లకు 60 సెంటీమీటర్లు, పెద్దదానికి మీటరు. ఎడమ చేతిలో పిడి బిగించిన ప్లైవుడ్ పలక, 60 బై 60 చాలు, మీ ఒంటికీ పాముకూ మధ్య అడ్డంగా. తలుపు ఎర పట్టేంత మాత్రమే తెరిచి, అందించి, పట్టుకోగానే మూసి తాళం వేయాలి. మింగిందో లేదో గాజులోంచి చూడొచ్చు. మర్నాటి దాకా మళ్లీ తలుపు తెరవొద్దు. ముట్టకపోతే మర్నాడు పలక అడ్డం పెట్టి హుక్‌తో లాగేయండి. తిన్న పామును చిన్నదైతే రెండు మూడు రోజులు, పెద్ద ఎర మింగినదైతే వారం దాకా ఎత్తుకోకండి.

ఎత్తుకునేటప్పుడు రెండున్నర మీటర్లు దాటిన ఏ పాము దగ్గరైనా ఒంటరిగా ఉండకూడదు. అటుపై ప్రతి మీటరున్నరకు ఒక మనిషి అని లెక్క వేయండి. ఈ లెక్క పాము మంచిదా కాదా అన్నదానితో సంబంధం లేనిది. ఏ సైజుదైనా మెడలో వేసుకోవద్దు, ఫొటో కోసమైనా సరే. బోవా చుట్టేసిన ఎలుకల మీద 2015లో వెలువడిన పరిశోధనలో రక్తప్రసరణ కొద్ది సెకన్లలోనే దెబ్బతిన్నట్టు తేలింది. అంటే మనం అనుకున్నట్టు ఊపిరాడక నెమ్మదిగా జరిగేది కాదు. మెడ మీద బిగుసుకుంటే తెలివి ఉండే సమయం చాలా తక్కువ.

కరిచి పట్టుకుందనుకోండి. లాగకండి. పళ్లు గొంతు వైపు వంగి ఉంటాయి, లాగితే ఇంకా దిగుతాయి, మీ చర్మం చిరుగుతుంది, దాని పళ్లు విరిగి నోరు పుండవుతుంది. పైగా ఎర ఎంత గింజుకుంటే అంత బిగించడం దాని పద్ధతి. చేతిని నిశ్చలంగా ఉంచి దాని తలను ముందుకు, అంటే మీ చేతి వైపే, కాస్త నెట్టితే పళ్లు వదులవుతాయి. చుట్టేసి ఉంటే రెండో మనిషి తోక చివర పట్టుకుని అక్కడి నుంచి ఒక్కో మెలిక విప్పుకుంటూ రావాలి. నడుమ పట్టుకుని లాగితే ఎంత బలమున్నా ఊడదు, తోక చివర బలం తక్కువ. అయినా వదలకపోతే ముఖం మీద చల్లటి నీటి ధార. చివరి మార్గం నోట్లో సర్జికల్ స్పిరిట్ కొన్ని చుక్కలు. పాము నోటికి మంట పుడుతుంది గానీ వదిలేస్తుంది. ఆ సీసాను పెట్టె పక్కన గోడకు తగిలించి ఉంచండి, రెండో మనిషికి చూపించండి. విడిపించాక గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్లతో ఐదు నిమిషాలు కడగాలి. లోతుగా దిగినా, పన్ను ముక్క మిగిలిందనిపించినా ఆస్పత్రికి వెళ్లాలి, టెటనస్ సూది సంగతి అక్కడ అడగాలి.

కుబుసం గురించి రెండు మాటలు. కళ్లు పాలనీలం రంగుకు తిరిగితే వారం, పది రోజుల్లో విడుస్తుంది. ఆ రోజుల్లో సరిగా కనపడదు, చిరాకుగా ఉంటుంది, ఎత్తుకోకండి. విడిచిన కుబుసాన్ని తల దగ్గర విప్పి వెలుతురుకు పెట్టి చూడండి. రెండు కళ్ల చోట గుండ్రటి పలచటి గాజు పొరల్లాంటివి కనపడాలి. చిల్లులుంటే అవి పాము కళ్ల మీదే ఉండిపోయాయి. గోటితో గీకకండి, కింద ఉన్న పొర కూడా వస్తే కన్ను పోతుంది. తేమ పెంచితే తర్వాతి కుబుసంతో అవి కూడా పోతాయి, రెండుసార్లయినా పోకపోతే డాక్టరు చూడాలి. ముక్కలుగా ఊడుతుంటే 28 నుంచి 30 డిగ్రీల నీళ్లలో, ఒళ్లు సగం మునిగేంత లోతులో, అరగంట ఉంచి తడిగుడ్డ మధ్య నుంచి జారనివ్వండి. తోక కొన మర్చిపోకండి. అక్కడ ఉంగరంలా మిగిలితే రక్తం ఆగి కొన ఎండిపోతుంది.

నోరు తెరిచి ఊపిరి తీయడం, ముక్కు దగ్గర బుడగలు, తల పైకెత్తి ఉంచడం కనిపిస్తే ఊపిరితిత్తుల జబ్బు. చల్లటి వైపు కూడా రెండు డిగ్రీలు పెంచి, ఆ రోజే డాక్టరుకు చెప్పండి, ఇంటి వైద్యంతో తగ్గదు. తల వెనక్కి వాల్చి ఆకాశం చూస్తున్నట్టు ఉండిపోతే, దాంతోపాటు ఊరికే కక్కుతుంటే, బోవాల్లో ఇన్‌క్లూజన్ బాడీ వ్యాధి అనుమానించాలి. ఇది వైరస్ వల్ల వచ్చేది, మందు లేదు, పీసీఆర్ పరీక్షతో తెలుస్తుంది. పైథాన్‌లలో నిడోవైరస్ ఇలాగే ఒకదాన్నించి ఒకదానికి పాకుతుంది. మీ ఇంట్లో ఇప్పటికే కార్న్ స్నేక్ ఉంది కాబట్టి కొత్తదాన్ని 90 రోజులు వేరే గదిలో, వేరే పటకారు, వేరే గిన్నెతో ఉంచండి. రోజూ ముందు కార్న్ స్నేక్ పని, తర్వాతే కొత్తదాని పని. ఈ మూడు నెలలూ కింద కాగితం పరిస్తే మలం, మైట్లు వెంటనే కనపడతాయి.

శుభ్రం చేసేటప్పుడు ముందు మలమూత్రాలు పూర్తిగా ఎత్తేసి, తర్వాతే ఒక వంతు బ్లీచ్‌కు తొమ్మిది వంతుల నీళ్లు కలిపి తుడవండి. మురికి మీద పోస్తే పని చేయదు, ఘాటు గాలి మాత్రం లేస్తుంది. పది నిమిషాలు ఉంచి, కడిగి, వాసన పోయేదాకా ఆరబెట్టాలి. అంతసేపూ పాము తాళం ఉన్న టబ్బులో ఉండాలి.

పెంచలేకపోతే బయట వదలడం మాత్రం ఆలోచనల్లోకి కూడా రానివ్వకండి. ఫ్లోరిడా ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలల్లో బర్మీస్ పైథాన్‌లు గుడ్లు పెట్టి స్థిరపడిపోయాయని 2000 నాటికే తేలింది. పెంపుడు జంతువుల వ్యాపారం ద్వారా వచ్చినవే అవి. జంతు ప్రదర్శనశాలలు కూడా పెద్ద పాములను సాధారణంగా తీసుకోవు. మీ తర్వాత ఎవరు చూస్తారో ఒక పేరు ఇప్పుడే అనుకుని, వారిని అడిగి ఉంచండి.

పిల్ల వచ్చే పది రోజుల ముందే పెట్టె ఖాళీగా నడిపించండి. పగలు, అర్ధరాత్రి, తెల్లవారుజామున మూడుసార్లు రీడింగ్ రాసుకోండి. తెల్లవారుజామున చల్లటి వైపు 24 కిందికి పడుతుందో లేదో అప్పుడే తెలుస్తుంది. పిల్ల వచ్చాక పెట్టె ముందు భాగానికి గుడ్డ కప్పి వారం రోజులు వదిలేయండి, నీళ్లు మార్చడం తప్ప చేయి పెట్టకండి. ఏడో రోజు సాయంత్రం, ఇంతకుముందు తిన్నదానికన్నా ఒక సైజు చిన్న ఎర పెట్టండి. తినకపోతే తీసేసి ఇంకో వారం ఆగండి, మధ్యలో మళ్లీ మళ్లీ పెట్టి విసిగించకండి. తిన్న మర్నాటి నుంచి మూడు రోజులు లెక్క పెట్టి, నాలుగో రోజు హుక్‌తో తాకి, ఐదు నిమిషాలు చేతిలోకి తీసుకోండి.